ఒక్క ఎంబీలో సిరిసిల్ల

నేను ఇంతవరకు విమానం ఎక్కలేదు. కానీ జగిత్యాలలో నా అద్దె గదిలో కూర్చుని కంప్యూటర్ ఆటలో నడిపిన విమానాలకు లెక్కే లేదు. ఆ ఆదివారం ఆటలో శంషాబాద్ విమానాశ్రయం నుంచి లేచి ఉత్తరానికి తిప్పాను. ఆటలో పొద్దు వాలుతోంది. సిరిసిల్ల మీదికి వచ్చేసరికి చూపు కిటికీ వైపు తిప్పాను. రెక్క కింద రాగిరంగు మానేరు నీళ్లు, పక్కన మా ఊరు, మరమగ్గాల షెడ్ల రేకుల కప్పులు. ఎగిరి గంతేసినంత పని చేసి స్క్రీన్‌షాట్ తీశాను.

ఈ ఆట ఆడేవాళ్లకు ఇంటర్నెట్లో ఒక పేజీ ఉంది. వారం వారం మంచి స్క్రీన్‌షాట్లు ఎంచి అందులో పెడతారు. ఎప్పుడు చూసినా మంచుకొండలు, సముద్రపు దీవులే. మా సిరిసిల్లకేం తక్కువ? ఈసారి అక్కడ మా ఊరు కనబడి తీరాలని పంతం పట్టాను. ఆ సాయంత్రంతో గడువు ఆఖరు. ఫొటో ఒక్క ఎంబీ దాటకూడదట. నాది ఇరవై దాటింది.

మా వైపు ఫొటో సైజు తగ్గించాలంటే ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోరు. ఫోన్లో ఎవరికో ఒకరికి పంపి, మళ్లీ దించుకుంటారు. నేనూ అంతే. పైన కనబడిన మా ఇంటి గ్రూపులో పడేశాను, ఒక్క ముక్కా రాయకుండా. దించుకుని చూస్తే సైజు తగ్గింది గానీ ఆకాశం మెట్లు మెట్లుగా విరిగింది, షెడ్లన్నీ అంబలిలా కలిసిపోయాయి. ఒళ్లు మండిపోయింది.

అంతలో కోరుట్ల నుంచి అక్కమొగుడి ఫోన్.

"ఏం బామ్మర్దీ, చెప్పకుంట చెయ్యకుంట ఎక్కినవా? దుబాయా, మస్కటా?"

అప్పుడు వెలిగింది నాకు. మా దగ్గర విమానం రెక్క ఫొటో గ్రూపులో పడిందంటే మనిషి గల్ఫ్‌కు బయలుదేరాడనే. అయితే దానికో పద్ధతి ఉంటుంది. కొండగట్టు పోయి మొక్కుకోవాలి, చుట్టాలకు దావత్ ఇవ్వాలి. ఇవేవీ లేకుండా పోయాడంటే ఇంట్లోవాళ్ల మీద అలిగి పోయినట్టే.

"జగిత్యాలల్నే ఉన్న బావా. అది కంప్యూటర్ల ఆట."

"ఆటల గంత పెద్ద రెక్కుంటదా?"

నాకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు అవ్వ ఫోన్ వచ్చేదాకానే. మా ఇంట్లో అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం.

"ఒక్క మాట చెప్పి పోతే నేనేమన్న అడ్డం పడుదునా కొడుకా?"

అవ్వ ఏడుస్తోంది. వెనక సాంచా చప్పుడు లేదు. పట్టపగలు బాపు మరమగ్గం ఆపాడంటే విషయం ముదిరినట్టే. బాపు చాలా ఏళ్లు దుబాయిలో ఉన్నాడు. సెలవు అయిపోయిన ప్రతిసారీ, నేను ఏడుస్తానని, నిద్రలో ఉండగానే వెళ్లిపోయేవాడు. లేచి చూస్తే ఆయన మంచం ఖాళీగా ఉండేది. ఆ ఫొటో ఆయనకు ఎక్కడ తగిలిందో నాకు తెలిసింది.

వెంటనే వీడియో కాల్ చేసి గదంతా చూపించాను. మంచం, కూలర్, దండెం మీది లుంగీ, కంప్యూటర్. అవ్వ కళ్లు తుడుచుకుని తిట్లు మొదలుపెట్టింది. బాపు ఫోన్ తన వైపు లాక్కున్నాడు.

"గా ఫొటోల ఉన్నది మన సిరిసిల్లనేనా?"

"అవ్ బాపు."

"అన్నిసార్లు విమానమెక్కిన. పైనుంచి ఊరు ఎన్నడు చూడలే. మనిల్లు ఏడుందిరా? పెద్దగ చేస్తే అంత మసక మసకైతుంది."

ఆ మాటతో నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. అసలు ఫొటో తెరిచాను. పైన ఉత్త ఆకాశాన్ని కొంత కోశాను. వెడల్పు సగం చేస్తే ఎత్తు దానంతటదే సర్దుకుంది. అంచులకు కాస్త పదును పెట్టాను. తర్వాత నాణ్యత కొంచెం కొంచెం దించుతూ పోయి, ఆకాశంలో మెట్లు కనబడగానే మళ్లీ కాస్త పెంచాను. ఒక్క ఎంబీకి లోపలికి వచ్చింది. రేకులు రేకుల్లాగే ఉన్నాయి. ఆ పేజీకి పంపేశాను.

ఆ వారం మంచుకొండల మధ్య మా సిరిసిల్ల మెరిసింది. ఎవరో తెలియనివాళ్లు, ఈ నీళ్ల ఊరు ఎక్కడిదని అడిగారు. ఆ పూట నన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు.

కానీ బాపు కోసం ఏమీ తగ్గించని ఫొటోనే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని సిరిసిల్ల బస్సెక్కాను. టీవీకి పెట్టి పెద్దది చేశాను. బాపు లేచి టీవీ దగ్గరికి వెళ్లాడు. మానేరు ఒడ్డు నుంచి వేలు రోడ్డు వెంట జరుపుతూ, మా షెడ్డు మలుపు దగ్గర ఆపాడు. చాలాసేపు వేలు తీయలేదు.

"గప్పుడు ఒక్కపారన్న గిట్ల కనపడ్తే, దిగి ఇంటికి అచ్చేటోన్ని కొడుకా" అన్నాడు.

అవ్వ ఆయన వెనక కుర్చీ తెచ్చి వేసింది.