చీము అడిగిన పాపం

ఇప్పుడంటే పిల్లలకి పాఠాలు చెప్పి చెప్పి నోరు కాస్త లొంగింది గానీ, చదువుకునే రోజుల్లో నా నోటికీ బుర్రకీ బొత్తిగా పొత్తు కుదిరేది కాదు. బుర్రలో ఇంగ్లీషు ఉండేది, నోట్లో తెలుగు ఉండేది, రెండూ ఎదురుపడితే నేను ఏదో ఒకటి అనేసి నాలిక కరుచుకునేదాన్ని. అప్పుడు గుంటూరులో పీజీ మొదటి సంవత్సరం, రక్తపరీక్షల విభాగం. కొత్త తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు. (మా విభాగంలో రోగులు గాజు పలకల మీదే కనిపిస్తారు కాబట్టి స్టెతస్కోపు పెట్టి వినేదేమీ ఉండదు. అయినా అది లేకుండా క్యాంటీన్‌కి కూడా వెళ్ళేదాన్ని కాదు.)

మా మేడాన్ని మేం చాటుగా సూది మేడం అనేవాళ్ళం, ఆవిడ మాట అలా దిగేది మరి. ఆవిడ నాకిచ్చిన సెమినార్ తెల్లరక్తకణాల మీద. కణం చుట్టూ పలచటి పొర ఉంటుంది. పొర లోపల కణాన్ని నిలబెట్టి, ముందుకు పాకించే సన్నటి పోగుల అల్లిక ఉంటుంది, దాన్ని సైటోస్కెలిటన్ అంటారు, కణానికి అస్థిపంజరమన్నమాట. ఈ రెండిట్లో ఏది చెడితే ఏ జబ్బు వస్తుందో చెప్పాలి. ముప్పై రెండు స్లైడ్లు తయారుచేసి, ఒక్క ముక్క బుర్రకెక్కకపోయినా కామాలతో సహా బట్టీపట్టేశాను. ఆదివారం ఇంటికెళ్తే మా అమ్మ వసారాలో కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. ఆవిడ ఎదురుగా నిలబడి మొత్తం గడగడా అప్పజెప్పాను. అమ్మ రెండు తుమ్ములు తుమ్మి, కొంగుతో ముక్కు తుడుచుకుని, "అంత చిన్నదానికి కూడా ఎముకలుంటాయంటే, దానికీ మోకాళ్ళ నొప్పులుంటాయేమోనే పాపం" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నీకు చెప్పడం నాదే బుద్ధి తక్కువ అని విసురుగా లోపలికెళ్ళి పడుకున్నాను.

సెమినార్ రెండు రోజులుందనగా పిల్లల వార్డు నుంచి ఒక రక్తపు స్లైడు వచ్చింది. నెలన్నర పసివాడు, జ్వరం, బొడ్డు దగ్గర పుండు. మైక్రోస్కోపులో చూస్తే ఎటు చూసినా తెల్లకణాలే, తిరణాళ్ళలో జనంలా కిక్కిరిసి ఉన్నాయి. వార్డులో వాళ్ళు రక్తం క్యాన్సరేమోనని హడలిపోతున్నారు. మేడం చాలాసేపు చూసి, "ఇవన్నీ బాగా ఎదిగిన కణాలే, క్యాన్సర్ పోలికలు లేవు. మరి ఇంతమంది కాపలా ఉండి పుండెందుకు మానట్లేదు? వెళ్ళి బిడ్డని చూడు. పుండులో చీముందో లేదో చూడు. ఆ ఇంట్లో ఇంతకుముందు ఇలా ఎవరికైనా అయిందేమో అడుగు. మర్యాదగా అడుగు" అన్నారు. ఆ చివరి ముక్క చెప్పేసరికే నేను మెట్ల మీదున్నాను.

వాళ్ళది పొదిలి దగ్గర పల్లెటూరు. మంచం మీద పసివాడు, పక్కన తల్లి, తండ్రి, నాయనమ్మ. తండ్రి సొంత అక్క కూతుర్నే చేసుకున్నాడు. అందుచేత ఆ నాయనమ్మే బుడ్డోడికి అమ్మమ్మ వాళ్ళమ్మ కూడా. (వరస అడిగితే ఆవిడే వేళ్ళు మడిచి లెక్క చెప్పి నవ్వింది. అప్పటిదాకా మేమిద్దరం స్నేహంగానే ఉన్నాం.) బట్ట తీసి చూశాను. నెలన్నరైనా బొడ్డు ఊడలేదు. చుట్టూ ఎర్రగా పుండు. చీము చుక్క కూడా లేదు. నా గుండె ఎగిరి గంతేసింది. స్లైడు నంబరు ఇరవై ఏడు! పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు నా కళ్ళెదుట! బిడ్డ నొప్పికి మూలుగుతుంటే నాకు సంతోషం. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. ఆ సంతోషంలోనే, వార్డంతా వినపడేలా, "ఏమండీ, మీ వంశంలో ఇంకా ఎవరికైనా చీము లేదా?" అని అడిగేశాను.

పెద్దావిడ నెమ్మదిగా లేచి కొంగు నడుముకి బిగించింది.

"ఏందమ్మాయ్? మళ్ళీ అను."

వినపడలేదేమో అనుకున్నాను. రోగులతో విడమరిచి మాట్లాడాలని మాకు నేర్పారు కూడా. "మీ వంశంలో... చీము... లేనివాళ్ళు... ఉన్నారా అండీ?" అని ఒక్కో ముక్కా విడదీసి చెప్పాను.

"మా వంశానికి చీమూ నెత్తురూ లేదంటావా? ఎంత మాటన్నావే! పది పుట్ల పొగాకు పండించిన ఇల్లు మాది! నీ కోటు చూసి ఊరుకుంటాననుకున్నావా?"

అక్కడైనా కాళ్ళు పట్టుకోవాల్సింది. నేను ఆవిణ్ణి శాంతింపజేద్దామని, "అయ్యో, నెత్తురు బాగానే ఉందండీ, నేనే చూశాను. చీము ఒక్కటే లేదు" అన్నాను.

పక్క మంచాలవాళ్ళు కిసుక్కుమన్నారు. ఆవిడ ముఖం ఎర్రటి పండుమిరపకాయైపోయింది. "సంచి సర్దరా అబ్బాయ్. ఈ మాటలు పడుకుంటా ఇక్కడుండే ఖర్మ మనకేం పట్టలా" అంది. కొడుకు నసిగాడు, కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది, నర్సు బతిమాలింది. ఆవిడ వినలేదు. నేను భోజనానికెళ్ళొచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. మేడానికి చెబితే ఆవిడ కోప్పడలేదు, అదే నాకు మరీ భయమేసింది. "ఆ బిడ్డ ఇప్పుడు ఇంటికెళ్తే బతకడు. బస్టాండుకి పరిగెత్తు. వాళ్ళు లేకుండా నువ్వు తిరిగి రాకు" అన్నారు.

ఆటోలో దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను. పొదిలి బస్సాగే చోట చూస్తే, దేవుడు చల్లగా చూశాడు, ముగ్గురూ బెంచీ మీద కూర్చునే ఉన్నారు. కళ్ళెదుటే ఎక్స్‌ప్రెస్ బస్సొకటి బయల్దేరుతోంది. రొప్పుతూ వెళ్ళి చేతులు జోడించి, "తప్పైపోయింది నాయనమ్మగారూ. బిడ్డకి జబ్బేంటో నాకు తెలుసనిపిస్తోంది. ఒక్క మాట వినండి" అని మొదలుపెట్టి, స్లైడు నంబరు ఇరవై ఏడు అప్పజెప్పాను. ఇంగ్లీషు, మధ్యలో తెలుగు, మళ్ళీ ఇంగ్లీషు. తండ్రి అయోమయంగా నా నోటికేసి చూస్తున్నాడు. పెద్దావిడ మొహం తిప్పుకుని కూర్చుంది. ఇక ఏం చెప్పాలో తోచక, ఏడుపు గొంతుతో, "అసలు ఆ బస్సెందుకు ఎక్కలేదండీ మీరు?" అని అడిగాను.

"అది మా స్టేజీలో ఆగి చావదుగా! మా ఊరి మీదిగానే పోద్ది. లోపలున్నోళ్ళు అద్దాల్లోంచి మా ఊరు చూసుకుంటా పోవటమే."

నాకు అప్పుడు, ఆ బెంచీ ముందు, నా సెమినార్ మొదటిసారి అర్థమైంది. "బిడ్డ ఒంట్లోనూ అదేనండీ! పుండు మానాలంటే నెత్తుట్లో పోయే తెల్లకణాలు ఆ పుండు దగ్గర దిగాలి. దిగి నడిచి వెళ్ళడానికి వాటికి కాళ్ళు బాగానే ఉన్నాయి, లోపల పోగులున్నాయే, అవే కాళ్ళు. కానీ దిగేముందు నరం గోడని పట్టుకోవాలిగా? ఆ పట్టు పైపొర మీదుంటుంది. వీడి కణాలకి అదే లేదనుకుంటున్నాం. అందుకని వేలకి వేలు నెత్తుట్లోనే తిరుగుతున్నాయి, ఒక్కటీ దిగట్లేదు."

ఆవిడ నావైపు తిరిగింది. "దిగి, అక్కడ కొట్లాడి చచ్చినయ్యేనా చీమయ్యేది?"

"అవునండీ."

ఆవిడ బుడ్డోణ్ణి కోడలి ఒళ్ళోంచి తీసుకుని, తన గుండెకి ఆనించుకుని, గొంతు తగ్గించి చెప్పింది. "నా రెండోవాడికి ఇంతే. బొడ్డు ఊడలా. పుండు మానలా. చీము పట్టలేదు, మంచిదేలే, తగ్గిపోద్దిలే అనుకున్నా. నాలుగో నెలలో పోయాడు. నా పాలు మంచివి కావని మా అత్త అన్నది. నలభై ఏళ్ళుగా అదే నిజమనుకుంటన్నా." "మీ పాల తప్పు కాదండీ, నిజంగా కాదు" అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని లేచింది. "నడువ్ అమ్మాయ్. ఇందాక అడిగావే, మా వంశంలో ఒకడున్నాడు, రాసుకో" అంది.

బిడ్డ రక్తం నమూనా పెద్ద ఊరికి పంపితే, కణాల పైపొర మీద ఉండాల్సిన పట్టు ప్రోటీను లేదని తేలింది. బుడ్డోడి నాలుగేళ్ళ అక్క ఎముకల్లోని మూలుగ వాడికి సరిపోయింది. చెన్నైలో ఎక్కించారు. ఆ నెలలన్నీ నేను దేవుళ్ళకి మొక్కుకుంటూ ఉండిపోయాను. సెమినార్ రెండు వారాలు ఆలస్యంగా చెప్పాను, స్లైడ్లు లేకుండా, బస్సుతో. మేడం ఏమీ గుచ్చలేదు. అమ్మకి ఫోన్ చేసి, కణాలకి మోకాళ్ళ నొప్పులూ ఉంటాయమ్మా, ఆ పోగులు చెడితే నడవలేని జబ్బు నిజంగానే ఉంది అని చెప్పాను. "నేను అప్పుడే అన్నానుగా" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

మూడేళ్ళు పోయాక, నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో, క్లాసు మధ్యలో ఫోన్ మోగింది. పెద్దావిడ. ఏమైందోనని అక్కడే ఎత్తాను.

"అమ్మాయ్! బుడ్డోడు గొడ్లచావిట్లో పడి మోకాలు చెక్కుకున్నాడు. మూడోరోజుకి చీము పట్టింది! పచ్చగా, ఇంత! డాక్టరు కడగతానంటే ఆగమన్నా. ముందు ఫోటో తీసి నీకు పంపి కడిగిద్దామని."

కడిగించండి, ముందు కడిగించండి అని నవ్వుతూనే అరిచాను. ఫోన్ పెట్టేసరికి కళ్ళనీళ్ళు ఆగట్లేదు. ముందు బెంచీలో ఒక అమ్మాయి, నాలాగే అవసరం లేని స్టెతస్కోపు మెడలో వేసుకున్నది, భయంగా లేచి ఏమైంది మేడం అంది.

"మావాడికి చీము పట్టింది" అన్నాను.

పాపం, క్లాసు క్లాసంతా మొహాలు వేలాడేసి, "అయ్యో, తగ్గిపోతుందిలెండి మేడం" అని నన్ను ఓదార్చారు.