నాన్న వేసిన ముడి

డిండోలిలో మా పాత ఇంటికి కరెంటు వైరింగ్ చేసింది మగ్గాల మీద పనిచేసిన మా నాన్నే. ఈ మధ్య స్విచ్చులు కాలిపోతుంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. గోడ తవ్వితే వైరు అతికిన ప్రతిచోటా, తెగిన పోగుకు నేతగాళ్లు వేసే ముడే ఉంది. పైన టేపు మాడి నల్లబడింది. వైరంతా మార్చాలి, గోడలకు మళ్లీ ప్లాస్టరింగ్ చేయించాలి. నా రెండు నెలల జీతం దానికే పోతుందని తెలిసి ఒళ్లు మండింది.

"గిది నూలు అనుకున్నవా బాపూ? కరెంటు!" అని అరిచాను.

నాన్న ఒక ముడిని పట్టి గట్టిగా గుంజి చూశాడు.

"గీ ముడులల్ల ఒక్కటన్న ఊడిందారా?"

ఊడలేదు. ఎలక్ట్రీషియన్ కూడా విప్పలేక, అన్నిటినీ కటింగ్ ప్లయర్‌తో కత్తిరించాడు.