గచ్చు మీద నా గానకచేరి

డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో ఒక బడి కప్పును, దానితోపాటు నా ఉద్యోగాన్ని ఒక్క పూటలో గంగపాలు చెయ్యబోయాను. ఆ ఘనకార్యం ఎలా మొదలైందో వినండి.

యాభైల చివరి మాట. నన్ను బందరు నుంచి కోడూరుకు సూపర్‌వైజరుగా వేశారు. అక్కడ బడి కడుతున్నారు. తొలకరి పడేలోగా కప్పు పూర్తిచేయిస్తేనే నా ఉద్యోగం ఖాయమని పై ఇంజనీరుగారు కబురు పంపారు. అప్పటికి ఆయన్ని నేను చూడలేదు, నన్ను ఆయన చూడలేదు. గుడివాడ కంట్రాక్టరు వెంకటరత్నంగారి చేత పని పరుగెత్తించాలని కొత్త టోపీ పెట్టుకుని నిచ్చెనెక్కాను.

ఆ రోజుల్లో కప్పు మీద సున్నం, ఇటుక ముక్కలు కలిపి పరిచేవారు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఆ గచ్చును చెక్కలతో కొట్టి గట్టిపరిచేవాళ్ళు. దెబ్బ సరిగ్గా పడకపోతే వానకు కప్పు కారుతుంది. ఆ వరస ముందు రత్తమ్మ అనే ఆవిడ కాళ్ళు చాపుకుని, ఉత్త చేతులతో కూర్చుని పాడుతోంది. నాకు ఒళ్ళు మండింది.

"ఏవండీ, ఈవిడ పనేంటి?"

"పాడుద్దండి," అన్నారు కంట్రాక్టరుగారు.

"అది వినబడుతోంది. పనేంటని?"

"అదేనండి."

"కూలిచ్చి కచేరీ పెట్టించారా? ఆవిడకీ ఓ చెక్కివ్వండి!"

రత్తమ్మ చెక్క అందుకుని వరసలో కూర్చుంది. ఒక మనిషి పని పెరిగిందని మురిసిపోయాను. మీరూ మురిశారా? అయితే మనం ఒక బళ్ళోనే చదివాం.

పాట ఆగగానే ఎవరి దెబ్బ వారిదైంది. చెక్కలు ఢీకొన్నాయి, వేళ్ళు నలిగాయి. నలిగినవాళ్ళు నలిపినవాళ్ళ వంశాలను పేరుపేరునా తలుచుకున్నారు. కప్పేమో పెనం మీద చిరిగిన అట్టులా తయారైంది. సముద్రం వైపు చూస్తే నల్లటి మబ్బు. పరుగున రత్తమ్మ దగ్గరికెళ్ళాను.

"రత్తమ్మగారూ, మళ్ళీ పాడండి." ఆ 'గారు' ఎప్పుడు చేరిందో నాకే తెలియదు.

"కొడతా పాడితే ఆయాసం రాదా బాబుగారూ?"

"పోనీ చెక్క ఇచ్చెయ్యండి."

"ఇప్పుడే చెయ్యి కుదిరింది. మీ చేతులు ఖాళీయేగా, మీరే పాడండి!"

ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. నాకొచ్చినవల్లా చర్చిలో నేర్చుకున్న కీర్తనలే. ఒకటి అందుకున్నాను. నేను రాగం తీసినంతసేపూ చెక్కలు గాలిలోనే నిలబడ్డాయి.

"తొందరగా దించండి బాబూ, చేతులు పీకుతున్నాయి!"

సిగ్గొదిలేసి అదే కీర్తనను జట్కా గుర్రంలా పరుగెత్తించాను. మా పాస్టరుగారు వింటే నాకు వెలి తప్పేది కాదు. కానీ చెక్కలన్నీ ఒక్కటిగా పడసాగాయి. నిజం చెప్పొద్దూ, భలే హాయిగా ఉంది. కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకుని పాడేస్తున్నాను.

ఉన్నట్టుండి దెబ్బలు ఆగాయి. కళ్ళు తెరిస్తే నిచ్చెన చివర ఇంజనీరుగారు!

"ఎవరితను?"

"కొత్తగా వచ్చాడండి. గొంతు అంతంతే గానీ కుర్రోడు బుద్ధిమంతుడు," అంది రత్తమ్మ.

"పని బ్రహ్మాండంగా సాగుతోందే! మరి సూపర్‌వైజరేడీ?"

"ఆయన ఆ పని మానేసినకాణ్ణించేనండి, ఇంత బాగా సాగుతుంది!"

సంగతి తెలిశాక ఇంజనీరుగారు నవ్వు ఆపుకోలేక నిచ్చెన గట్టిగా పట్టుకున్నారు. తొలకరికి కప్పు చుక్క కారలేదు, నా ఉద్యోగమూ జారలేదు.

కనుక సూర్యచంద్రుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట ఏ కట్టడం దగ్గరా ఖాళీ చేతుల మనిషి జోలికి పోను, ఎవరి చేతికీ చెక్క ఇప్పించను. అన్నిటికన్నా ముఖ్యంగా, నలుగురిలో గొంతు విప్పను.