ఆఖరున నడిచే హాఫ్లిన్

అబర్డీన్ పల్లెల్లో పదహారు, పదిహేడేళ్ళ పాలేరు కుర్రాణ్ణి హాఫ్లిన్ అనేవారు. వాళ్ళ భాషలో సగం అనే మాటలోంచి పుట్టిన పేరు అది. పిల్లాడు కాడు, మగాడూ కాడు. జీతం సగం, మాటకు విలువ అందులో సగం. చాకిరీ మాత్రం ఇద్దరిది. ట్రాక్టర్లు వచ్చాక గుర్రాలతోపాటు ఆ మాటా పోయింది. పోతే పోయింది.

వాట్ డర్నో కూడా ఒకప్పుడు హాఫ్లినే. తన్నులు తిని తిని గుర్రాలసాలకు మేస్త్రీ అయ్యాడు. తాను తిన్నవి తర్వాతివాడికి పంచకపోతే పరువు తక్కువనుకునే రకం. పొద్దున్నే గుర్రాలు బయటికి రావడానికి ఒక వరస ఉండేది: ముందు మేస్త్రీ తోలే గుర్రాల జత, తర్వాత అతని కింద రెండో పాలేరు జత, చివరికి హాఫ్లిన్ గుర్రం. కొత్తగా చేరిన ఆలెక్ మచ్ ఆ సంగతి తెలియక తన ముసలి గుర్రం జెస్‌ను ముందు నడిపించాడు. అది గుమ్మం పక్కనే ఉండేది మరి. డర్నో బకెట్టు నీళ్ళు వాడి నెత్తిన గుమ్మరించాడు.

"హాఫ్లిన్‌విరా నువ్వు. నీది ఆఖరు. కొంప మునిగినా ఆఖరే," అన్నాడు.

రెండోవాడు పడీ పడీ నవ్వాడు. ఆ రోజంతా డర్నో మీసం మెలేస్తూనే తిరిగాడు.

నూర్పిళ్ళ రోజు మధ్యాహ్నం, అందరూ వంటింట్లో జావ తాగుతుండగా, నూర్పిడి యంత్రాన్ని తిప్పే ఆవిరి ఇంజను నుంచి నిప్పురవ్వ ఎగిరి సాల మీది గడ్డికప్పు అంటుకుంది. జావకు రాని ఆలెక్ ఒక్కడే లోపల ఉన్నాడు. డర్నో చెంచా చేత్తోనే పరుగెత్తుకొచ్చేసరికి సాల లోపలి మూలన ఉండాల్సిన తన జత, రెండోవాడి జత పెరట్లో వణుకుతూ నిలబడి ఉన్నాయి. ఆలెక్ జెస్ కోసం మళ్ళీ లోపలికి దూరబోతుంటే డర్నో వాణ్ణి నడుం పట్టి ఆపాడు. అంతలోనే కప్పు కూలింది. జెస్ అరుపు అందరికీ వినబడింది.

యజమానురాలు ఆలెక్ కాలిన చేతులకు వెన్న రాస్తుంటే డర్నో పక్కన నిలబడి, "జెస్ గుమ్మం దగ్గరే కదరా. ముందు దాన్ని బయటికి లాగి ఉంటే అన్నీ బతికేవిగా," అన్నాడు.

ఆలెక్ తెల్లబోయి చూశాడు. "హాఫ్లిన్‌ది ఆఖరు కదా, మేస్త్రీగారూ."

అందులో దెప్పుపొడుపేమీ లేదు. ఉంటే డర్నో తట్టుకునేవాడే. పైగా యజమాని వచ్చి, కుర్రాణ్ణి బాగా తయారు చేశావని భుజం తట్టాడు. డర్నోకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తన చేతులతో తానే జెస్‌ను చంపినట్టు కుమిలిపోయాడు.

చేతులు మానాక ఆలెక్‌కు కొత్త గుర్రం ఇచ్చారు. మొదటి పొద్దున డర్నో గుమ్మం వదిలి పక్కకు జరిగి, "నువ్వు ముందు నడు, ఆలెక్," అన్నాడు. వాడు కళ్ళెం పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. డర్నో మళ్ళీ అడిగాడు, బతిమాలాడు. వాడు నేల చూపులు చూస్తూ, మేస్త్రీ జత దాటేదాకా అలాగే ఉండిపోయాడు.