ఆఫీసరు గారు తాగిన సరుగుడాకు సోడా

నేను ఒక మనిషిని చంపినంత పని చేశాను. ఆయన చావలేదు, నాకు జైలూ పడలేదు. ఇంత తీరిగ్గా చెబుతున్నానంటే ఆ సంగతి మీకు అర్థమయ్యే ఉంటుంది. కానీ ఎనభైల్లో ఒక అక్టోబరు గురువారం, పొద్దున పదకొండు నుంచి పన్నెండున్నర దాకా, ఆయన ఇక బతకరనే నమ్మాను. ఆ గంటన్నర తలుచుకుంటే ఇప్పటికీ అరచేతులకు చెమట పడుతుంది. మీకు నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. బీఎస్సీ బోటనీ, ఫస్టుక్లాసు. బొల్లాపల్లి అవతల ఒక ఊరి హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చే ఆఫీసరు గారు నాలుగు మంచి ముక్కలు రాస్తేనే అవుతుంది. నరసరావుపేటలో మా ఇంట్లో పొయ్యి వెలిగేది నా జీతంతోనే.

తెలివిగల మనిషైతే ఆఫీసరుకి ఓ గ్లాసు మజ్జిగిచ్చి ఊరుకునేది. నేను ఫస్టుక్లాసు కదా! ఆ మధ్యే ఒక పత్రికలో చదివాను. మంచుదేశాల్లో పైన్ చెట్టు సూదుల్లాంటి ఆకుల్ని పంచదార నీళ్లలో నానేసి, ఎండలో పెట్టి, బుసబుసలాడే సోడా చేసుకుంటారట. పల్నాడులో పైన్ చెట్టు ఎక్కడ దొరుకుతుంది? దొరక్కపోతేనేం, మా బడి ఆవరణలో సరుగుడు చెట్లు వరసగా ఉన్నాయి. వాటికీ సూదులే, అవీ ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటాయి. ఆ రెండూ వేరు జాతులనీ, సరుగుడుకి సూదుల్లా కనబడేవి అసలు ఆకులే కావనీ తొమ్మిదో తరగతికి పాఠం చెప్పింది నేనే. చెప్పింది పిల్లలకి, నాక్కాదు.

ఆదివారం మునిమాపువేళ బడికెళ్లి, అందిన కొమ్మల నుంచి కొంగు నిండా సూదులు దూసుకొచ్చాను. కుండలో పంచదార నీళ్లు, నిమ్మకాయలు, సూదులు వేసి మూడు రోజులు డాబా మీద పెట్టాను. గురువారం పొద్దున హడావిడిగా గుడ్డలో వడగట్టి, సీసాల్లో పోసి, బిరడాలు బిగించాను. ఒక చెంచాడు నోట్లో వేసుకుంటే వగరుగా, గొంతులో గరగరగా అనిపించింది. ఒంటికి మంచిది కదా, అలాగే ఉంటుందిలే అనుకున్నాను.

ఆఫీసరు గారు హెడ్మాస్టరు గదిలో కూర్చుని ఒక్క గుక్కలో గ్లాసు ఖాళీ చేశారు.

"ఏందమ్మా ఇది? చానా బాగుంది. గొంతులో గరగరలాడతంది."

"మూలికల సోడా అండీ. నేనే చేశాను."

"ఇంకో గ్లాసు పొయ్యి."

ఆయన రెండో గ్లాసు తాగుతుండగా, మర్యాదకి అర గ్లాసు పుచ్చుకున్న హెడ్మాస్టరు గారు కిటికీలోంచి చెట్లు చూపించారు.

"ఆ సరుగుడు చెట్ల మీద గొంగళిపురుగులు పుట్టలు పుట్టలుగా ఉండేయండీ. మొన్న శనివారం మా అటెండరు కోటయ్య చేత పత్తికి కొట్టే పురుగుమందు కొట్టించా. ఇప్పుడు ఒక్క పురుగు లేదు!"

ఆదివారం నేను సూదులు దూసుకొచ్చింది ఆ చెట్ల నుంచే. ఆ మందు సంగతి మా వైపు పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. పత్తిచేలో మందు కొట్టి, చేతులు కడుక్కోకుండా బీడీ వెలిగించి ఆసుపత్రి పాలైనవాడు ప్రతి ఊళ్లో ఒకడుంటాడు. పత్తి కాలంలో మా ఊరి గాలి, బట్టలు, బస్సు సీట్లు అన్నీ అదే వాసన. ఇక సోడాలో ఆ వాసన ఉందో లేదో నాకేం తెలుస్తుంది?

"ఇంకొంచెం పొయ్యమ్మా."

"అయిపోయిందండీ!"

"మరి నీ చేతిలోది ఏంది?" అని నవ్వి, సీసా ఆయనే అందుకుని మూడో గ్లాసు పోసుకున్నారు.

నేను వరండాలోకి పరుగెత్తాను. కోటయ్య గంట పక్కన నిలబడి ఉన్నాడు.

"కోటయ్యా, శనివారం చెట్లకి మందు కొట్టావా?"

"కొట్టకపోతే ఎట్టా టీచరమ్మా? డబ్బా మొత్తం కొట్టా."

"కింద కొమ్మలకి కూడానా?"

"కింద కొమ్మలకే ఎక్కువ కొట్టా. ఆకంతా తడిసి ముద్దయింది. పురుగులు టపటపా రాలి, గిలగిలా కొట్టుకుని చచ్చినయ్."

అతను ఒక్కో ముక్క చెబుతుంటే నా శిక్ష ఒక్కో ఏడాది పెరిగింది.

చెమట పట్టడం, నోట్లో నీరూరడం, మగతగా ఉండటం. విషం ఎక్కితే ఇవీ లక్షణాలని నాకు తెలుసు. తొమ్మిదో తరగతిలో నా పాఠం వినడానికొచ్చి వెనక కుర్చీలో కూర్చున్న ఆఫీసరు గారికి చెమట పట్టింది. (పల్నాడులో ఆ వేళకి చెమట పట్టనిది ఎవరికి? ఆ ఆలోచన నాకు రాలేదు.) కిళ్లీ ఉమ్మడానికి రెండుసార్లు బయటికెళ్లారు. గొంతు గోక్కున్నారు. తర్వాత కళ్లు మూశారు. నేను పాఠం ఆపి "సార్?" అని పిలిచాను. "చెప్పమ్మా, వింటన్నా," అన్నారు. అలా ఏడుసార్లు పిలిచాను, ఏడుసార్లూ పలికారు. ఎనిమిదోసారి పలకరేమోనని భయమేసి, లాబ్‌లోకెళ్లి చెంబుడు నీళ్లలో గుప్పెడు ఉప్పు కలిపి తెచ్చాను. ఎలాగైనా వాంతి చేయించాలి.

"ఇదేంది?"

"రెండో రకం సోడా అండీ."

ఒక్క గుక్క తాగి కిటికీలోంచి ఉమ్మేశారు. "మొదటిదే బాగుందమ్మా. ఉంటే అది తీసుకురా."

ఇక నా వల్ల కాలేదు. పిల్లలందరి ముందూ భోరుమన్నాను.

"సార్, అది సరుగుడాకులతో చేసిన సోడా! మందు కొట్టిన మర్నాడు కోశాను. నా ఉద్యోగం పోతే పోయింది, మీరు ముందు ఆసుపత్రికి పదండి!"

"అదేంది, నేనూ తాగానే!" అంటూ, నా ఏడుపు విని గుమ్మం దాకా వచ్చిన హెడ్మాస్టరు గారు అక్కడే కూలబడ్డారు. ఆఫీసరు గారు గొంతు పట్టుకున్నారు. "అందుకేనా ఇందాకట్నుంచి దురద! జీపు తియ్యమనండి, జీపు!"

జీపు గేటు దాటబోతుంటే కోటయ్య అడ్డంగా పడ్డాడు.

"ఎవురూ చావరయ్యా! ఆ చెట్లకి నేను చుక్క మందు కొట్టలా. డబ్బా మా చేలోకి తీసకపోయి పత్తికి కొట్టుకున్నా. నన్నేం చేసినా సరే, టీచరమ్మ ఏడుపు చూడలేకపోతన్నా!"

ఆ దొంగకి దండ వేసి మొక్కాలనిపించింది. హెడ్మాస్టరు గారు కళ్లు తుడుచుకున్నారు. ఆఫీసరు గారు కూడా నవ్వుతూ జీపు దిగారు. దిగి, ఒక క్షణం ఆలోచించి, కోటయ్య వైపు తిరిగారు.

"అంటే పురుగులు చావలేదు."

"ఒక్కటీ చావలా అయ్యా. ఇంకా లావెక్కినయ్."

ఆయన మెల్లగా నా వైపు తిరిగారు. "ఆకులు కోసేటప్పుడు వెలుతురుందా అమ్మా?"

"మసగ్గా ఉందండీ."

"కడిగావా?"

"వడగట్టానండీ. గుడ్డలో నల్లగా, బొద్దుగా ఏవో మిగిలాయి. సరుగుడు కాయలనుకున్నాను."

చెంబుడు ఉప్పునీళ్లు చేయలేని పని ఆ మాట చేసింది. ముందు ఆఫీసరు గారు, వెనక హెడ్మాస్టరు గారు, ఆఖరున నా చెంచాడుకి నేను, వరసగా ఆ చెట్ల కిందే కూర్చుని కడుపులు ఖాళీ చేసుకున్నాం.

నా ఉద్యోగం నిలిచింది. "పాఠం మధ్యలో కూడా ఎదుటివారి క్షేమం కనుక్కునే టీచరు," అని రాశారాయన, మహానుభావుడు. కోటయ్య ఊసు ఎత్తలేదు. ఆ సాయంత్రమే నేను సరుగుడు చెట్ల ఎదుట నిలబడి, మీదున్న పురుగులన్నిటి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఈ జన్మలో ఇంటికొచ్చినవాళ్లకి మంచినీళ్లు తప్ప ఇంకేమీ ఇవ్వను. అవి కూడా పట్టపగలు, గ్లాసు ఎండకేసి ఎత్తి, రెండుసార్లు చూశాకే ఇస్తాను.