మేయరుగారి నిచ్చెన, లౌరెన్స్ మోకాలు

డ్రూయెపుట్ ఊరి రంగస్థల చరిత్ర రాయబూనిన వారెవరైనా సరే, లౌరెన్స్ ఫాన్ ఆస్వేఖెన్ కుడి మోకాలి దగ్గర మొదలుపెట్టక తప్పదు. గొప్ప దేశాల చరిత్రకారులు కిరీటాల గురించి రాసుకుంటారు. దక్షిణాఫ్రికాలో కారూ బీడుభూముల నడుమ ఉన్న ఆ ఊళ్లో రాయదగ్గ కిరీటాలేవీ లేవు. ఒక చర్చి హాలు, హాల్లో ఒక వేదిక, వేదిక ముందు మొదటి వరుసలో ఆ మోకాలు ఉన్నాయి. లౌరెన్స్ నవ్వబోయే ముందు కుడిచేత్తో దాని మీద ఫెడీమని ఒకటి చరుస్తాడు. ఆ చప్పుడయ్యేదాకా హాల్లో మరొకరు నవ్వరు.

వృత్తిరీత్యా ఆయన గాలిమరలు బాగుచేసేవాడు. వరసరీత్యా ఊరందరికీ పెదనాన్న, అంటే ‘ఓమ్ లౌరెన్స్’. పదవిరీత్యా మొదట నవ్వేవాడు. ఆ పదవికి ఎన్నిక జరగలేదు, జీతం లేదు, గడువూ లేదు. అది ‘మేయరుగారి నిచ్చెన’ అనే హాస్యనాటకం పుణ్యమా అని ఆయనకు దక్కింది.

ఆ నాటకం సముద్రాల అవతలిది. కథ చిన్నదే. ఒక మేయరు పరాయివాడి పెళ్ళాం కిటికీలోకి తొంగి చూద్దామని నిచ్చెన ఎక్కుతాడు. ఈలోగా కింద జనం పోగవుతారు. దిగితే పరువు పోతుంది. అందుకని, పట్నాన్ని పైనుంచి తనిఖీ చేస్తున్నానని ప్రకటించి, మూడంకాలూ నిచ్చెన మీదే ఉండి పరిపాలిస్తాడు. పన్నులు వేస్తాడు, పంచాయితీలు తీరుస్తాడు, ఒక పెళ్లి కూడా అక్కణ్ణుంచే జరిపిస్తాడు.

దీన్ని మొదట ఊరి భాష ఆఫ్రికాన్స్‌లోకి తెచ్చినవాడు బడిపంతులు సెర్ఫొంటైన్. పరమ నిష్ఠాపరుడు కావడంతో కిటికీనీ, పరాయివాడి పెళ్ళాన్నీ ఓడ దిగనివ్వలేదు. ఆయన అనువాదంలో మేయరు నిచ్చెన ఎక్కేది చర్చి గడియారం సరిగా నడుస్తోందో లేదో చూడటానికి. మరి దిగడానికి సిగ్గెందుకో ఎవరికీ బోధపడలేదు. భాష మటుకు బైబిలు భాషలా ఉండటంతో ఎవరూ అడగనూ లేదు.

మొదటి ప్రదర్శన నాడు పాదిరిగారు ముందు వరుసలో లేచి నిలబడి, “ప్రభువా, ఈ సాయంత్రం మా నవ్వు హద్దు దాటకుండా కాపాడు” అని ప్రార్థించారు. హద్దు ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. దాంతో మొదటి అంకమంతా ఊరు ఊపిరి బిగబట్టి కూర్చుంది. మేయరు బూటు జారి గుమాస్తా నెత్తిన పడింది. జనం పెదాలు కొరుక్కున్నారు. అప్పుడు వెనకనుంచి ఫెడీమని మోకాలు మోగింది, దాని వెంట కుర్ర లౌరెన్స్ నవ్వు వినిపించింది. పాదిరిగారు మెల్లగా వెనక్కి తిరిగారు. అతణ్ణి ఎగాదిగా చూశారు. ఏమీ అనకుండా మళ్లీ ముందుకు తిరిగారు. హద్దు ఎక్కడుందో ఊరికి తెలిసిపోయింది.

ఆ తర్వాత లౌరెన్స్‌ను ముందు వరుసలోకి మార్చారు.

పందొమ్మిది వందల డెబ్భైలలో ఊరి పశువుల డాక్టరు రెండో అనువాదం చేశాడు. అందులో మేయరు ఉన్నివర్తకుల సంఘం అధ్యక్షుడయ్యాడు, నిచ్చెన గాలిమర స్తంభమయింది. మూడో అంకంలో అధ్యక్షుడి భార్య కింద నిలబడి, రెండు చేతులూ బారచాపి, భర్తకు తనకంటే ముద్దైన పొట్టేళ్ల పేర్లన్నీ వరసపెట్టి చదువుతుంది. అక్కడ లౌరెన్స్ మోకాలు చరిచాడంటే హాలు కప్పు లేచిపోయేది. పొట్టేళ్ల ఘట్టం కోసం జనం పక్క ఊళ్లనుంచి బళ్లు మాట్లాడుకుని వచ్చేవారు.

ఇంతటి అధికారం చెలాయిస్తున్న మనిషికి ఒక్కటే లోపం వచ్చిపడింది. బతుకంతా గాలిమరల రొద కింద గడిచిన చెవులు మెల్లగా మొరాయించాయి. ఊరందరికీ పెద్దమ్మ, అంటే ‘తానీ’ అయిన భార్య హెస్టర్ వినికిడి యంత్రం కొనిపెడితే, అది చెవిలో ఈల వేస్తోందని సొరుగులో పడేశాడు. నాటకాలకు దానితో పనే లేకపోయింది. రెండు అనువాదాలూ కంఠతా వచ్చు. నటుల చేతులూ కాళ్లూ చూసి, సమయానికి నవ్వేసేవాడు.

అలాంటి సమయంలో కొత్తగా వచ్చిన టీచరు మార్లీన్ స్వీఖెర్స్ మూడో అనువాదం చేసింది. మూలంలో ఏముందో అదే రాసింది. కిటికీ తిరిగొచ్చింది, పరాయివాడి పెళ్ళాం తిరిగొచ్చింది. నాటకానికి వారం ముందు ఆ అమ్మాయి లౌరెన్స్ ఇంటికి వచ్చింది.

“ఓమ్ లౌరెన్స్, ఓమ్‌తో ఒక మనవి.”

“తీసుకో తల్లీ, మొహమాటపడకు,” అని ఆయన రస్కుల పళ్లెం జరిపాడు.

“రస్కులు కాదు ఓమ్. మూడో అంకం. అక్కడ మేయరు భార్య మాట్లాడేది నవ్వులాటకి కాదు. హాలు నిశ్శబ్దంగా ఉండాలి. ఓమ్ నవ్వితే అందరూ నవ్వుతారు, నవ్వకపోతే ఒక్కరూ నవ్వరు. ఇంత అధికారం దేశాధ్యక్షుడికి కూడా లేదు.”

“అవునవును,” అన్నాడు లౌరెన్స్ గంభీరంగా. “వాన పడితే బావుణ్ణు.”

మార్లీన్ సంచిలోంచి నాటకం కాపీ తీసింది. గుమ్మంలో నిలబడ్డ హెస్టర్ గొంతు పెంచింది. “నాటకం కాపీ ఇచ్చి వెళ్తుందట! చదువుకుంటావా?”

“చదివొచ్చి నవ్వడమా! ఇంట్లో తుమ్మి, హాల్లో రుమాలు తీసినట్టుంటుంది. వద్దు.”

మార్లీన్ ఆ ‘అవునవును’ను ఒప్పుదల కింద తీసుకుని సంతోషంగా వెళ్లిపోయింది. హెస్టర్ ఆయన చెవి దగ్గరకు వంగింది.

“ముసలాడా, ఆ పిల్ల చెప్పింది ఒక్క ముక్కయినా వినపడిందా?”

“వాన గురించేగా?”

“వాన మాటెత్తింది నువ్వు. చెవులు పోయాయని చెప్పేస్తే నీ సొమ్మేం పోయింది?”

“చెప్తే నా చోట్లో కసాయి సోలీని కూచోబెడతారు. వాడు ముందు నవ్వడం మొదలెడితే ఈ ఊరు ఏమైపోతుందో ఆలోచించావా?”

హెస్టర్ ఆలోచించినట్టు కనబడలేదు. గిన్నెలు కడగడానికి వెళ్లిపోయింది.

శుక్రవారం సాయంత్రం హాలు నిండింది. మార్లీన్ రాసిన మొదటి హాస్యం వచ్చింది, వెళ్లిపోయింది. జనం మోకాలి వైపు చూశారు. మోకాలు కదల్లేదు. రెండోది వచ్చింది. ఎవరో దగ్గారు. మేయరు కిటికీలోకి మెడ సాచి, లోపలున్నావిడ దుప్పటి దులిపితే ధూళికి ఉక్కిరిబిక్కిరయ్యాడు. హాలు శవపేటిక చుట్టూ కూర్చున్నంత మర్యాదగా కూర్చుంది. బూటు పడ్డప్పుడు మాత్రం మోకాలు మోగింది. జనం అందిందే చాలని ఒక్కసారి నవ్వుకుని, మళ్లీ బిగుసుకున్నారు.

మూడో అంకంలో మేయరు భార్య వేషం వేసిన ఆన్సీ నిచ్చెన కిందికి వచ్చి నిలబడింది. ఆమె కసాయి సోలీ భార్య. నోరు తెరిచి, రెండు చేతులూ బారచాపింది.

లౌరెన్స్‌కు ప్రాణం లేచొచ్చింది. పొట్టేళ్లు! ఫెడీమని చరిచాడు.

రెండంకాలుగా ఆపుకున్న నవ్వంతా ఒక్కసారిగా బద్దలయింది. బెంచీలు కదిలిపోయాయి. పశువుల డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆన్సీ ఒక్క క్షణం బిత్తరపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె మాటకు ఎవరూ అంతలా నవ్వి ఎరగరు. దాంతో హుషారొచ్చి, మిగతా ఏడుపంతా గెంతుతూ చెప్పింది. నిచ్చెన మీది మేయరు పట్టుతప్పి రెండు మెట్లు జారాడు. తెర వెనక మార్లీన్ ముఖం చేతుల్లో దాచుకుంది.

నాటకమయ్యాక కాఫీలు, పాకం కారుతున్న కుక్‌సిస్టర్ మిఠాయిలు పంచుతుండగా ఆ అమ్మాయి ఎర్రబడ్డ తడి కళ్లతో లౌరెన్స్ ఎదుట నిలబడింది.

“ఓమ్ ఎందుకలా చేశారు?”

ఆనందబాష్పాలనుకుని లౌరెన్స్ ఆమె భుజం తట్టాడు. “బాగా రాశావు తల్లీ. పొట్టేళ్ల ఘట్టం అదిరిపోయింది.”

“నా నాటకంలో పొట్టేళ్లు లేవు ఓమ్.”

ఆయన చిరునవ్వుతో తల ఊపాడు. హెస్టర్ ఇక ఆగలేక ఆయన చెవిలో అరిచింది. “పొట్టేళ్లు లేవట!”

ఆ అరుపుకి హాలంతా కప్పులు పట్టుకుని నిలబడిపోయింది. లౌరెన్స్ తన కప్పు మెల్లగా బల్ల మీద పెట్టాడు.

“మరి ఆన్సీ ఏమంది?”

హెస్టర్ మళ్లీ అరవాల్సి వచ్చింది. అంత సున్నితమైన మాటను అంత గట్టిగా ఎవరూ చెప్పి ఉండరు. “‘ఊళ్లో కిటికీలన్నీ ఎక్కి చూశావు, మన కిటికీ ఏ వైపుందో చెప్పు’ అంది!”

ఆయన కుడిచేతిని జేబులో పెట్టుకున్నాడు.

“ఇది నవ్వే మాట కాదు,” అన్నాడు. “చెవులు పోయాయి, తల్లీ. ఎప్పుడో పోయాయి. రేపటి నుంచి నన్ను నమ్ముకోకండి.”

శనివారం పొద్దున కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. ఆ సాయంత్రమే రెండో ప్రదర్శన ఉంది, నవ్వేవాడు లేడు. కసాయి సోలీ పేరు వచ్చింది. వాడు చర్చిలో కానుకలు పట్టేటప్పుడు కూడా నవ్వుతాడని కొట్టేశారు. పశువుల డాక్టరుకు హాస్యం అర్థమయ్యేసరికి అంకం మారిపోతుంది. కొత్త పాదిరిగారిని బతిమాలితే, తన బాధ్యతల్లో అది రాసి లేదన్నారు. “ముందు వరుసలో ఓమ్ లౌరెన్స్‌నే కూచోబెట్టి, పక్కన తానీ హెస్టర్ గిల్లితే?” అన్నారొకరు. “నా చేతులకు వేరే పనుంది,” అంది హెస్టర్. ఏ తీర్మానమూ లేకుండానే సభ చెదిరింది.

ఆ సాయంత్రం లౌరెన్స్ చివరి వరుసలో, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అలవాటుకొద్దీ చరుస్తాయేమోనని రెండు చేతులూ చంకల్లో బిగించుకున్నాడు. ఊరు చెడిపోవడాన్ని కళ్లారా చూద్దామని వచ్చినవాడిలా వేదిక కన్నా వీపులనే చూశాడు. తెర లేచింది. కాసేపటికి ముందు వరుసలో భుజాలు కదిలాయి. తర్వాత నడుమ వరుసలు. దుప్పటి దులిపిన చోట హాలంతా ఊగిపోయింది. ఆన్సీ చేతులు చాపినప్పుడు ఒక్క తలా కదల్లేదు. ఎవరో ఒకావిడ శాలువా అంచుతో ముక్కు తుడుచుకుంది.

ఇంటికి వెళ్తూ బండి ఎక్కాకే ఆయన చంకల్లోంచి చేతులు తీశాడు.

“ముందు ఎవరు నవ్వారు?” అన్నాడు ఊరి చివరికొచ్చాక.

“ఏమో, చూడలేదు,” అని అరిచింది హెస్టర్.

“సోలీయేనా?”

“చూడలేదన్నాగా. నవ్వొచ్చింది, నవ్వాను.”