రిపెకాకు చెప్పని మాట

రిపెకా, నేనూ సముద్రం ఒడ్డునున్న మా ఊరు హేవ్‌లాక్‌లో, ఫ్యాక్టరీలో పక్కపక్కన నిలబడి ఆల్చిప్పలు ఒలిచినవాళ్ళం. చేతిలో కత్తి, కాళ్ళకు రబ్బరు బూట్లు, కిందంతా చన్నీళ్ళు. మధ్యాహ్నానికల్లా అందరి నడుములూ పట్టేసేవి. మేం మూలుగుతుంటే రిపెకా పాట అందుకునేది. "మూలగకండే! పడుకోవడానికి చచ్చాక బోలెడంత టైముంది" అనేది.

ఆ మనిషికి భయమంటూ ఉంటే ఒక్క విషయంలోనే. వాళ్ళమ్మకు ఎముకలు గుల్లబారి వీపు ముందుకు వంగిపోయింది. ఎదుటి మనిషి ముఖం చూడాలంటే మెడ పక్కకు తిప్పాల్సి వచ్చేది. చివరికి తుంటి విరిగి మంచం పట్టి, మళ్ళీ లేవలేదు. అమ్మకు స్నానం చేయించింది, తిండి పెట్టింది రిపెకానే. "ఎలా పోయినా సరే, నేను మాత్రం నిటారుగా పోవాలి" అని నాతో ఎన్నిసార్లు అందో.

రిపెకాకూ, ఆమె మొగుడు హేమీకీ పిల్లల్లేరు. రిపెకా చెల్లెలు చిన్న వయసులోనే పోతే, ఆమె కూతురు కహురంగిని తెచ్చుకుని పెంచారు. కహు అని పిలుస్తాం. హేమీ పడవ మీద సంపాదించింది, రిపెకా ఫ్యాక్టరీలో సంపాదించింది ఆ పిల్ల చదువుకే పోయింది. కహు నర్సయింది. తెల్ల చొక్కా వేసుకుని మొదటిసారి ఇంటికొచ్చిన రోజు రిపెకా వీధంతా తిప్పింది. పాపం ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోయింది.

కొన్నేళ్ళకు బ్లెన్‌హైమ్‌లో కహుకి కొత్త ఉద్యోగం వచ్చింది. ఒక కంపెనీ ఆల్చిప్పల పొడిని గొట్టం మాత్రల్లో నింపి, అది పెద్దవాళ్ళ ఎముకలకు బలమిస్తుందో లేదో పరీక్ష పెట్టింది. సగం మందికి అసలు పొడి, సగం మందికి ఉత్తి పిండి. ఎవరికేది పడిందో మింగేవాళ్ళకూ తెలియదు, ఇచ్చే నర్సుకూ తెలియదు. ఏడాదికోసారి ఎముకల స్కాన్. మనుషుల్ని చేర్చడం, వాళ్ళ మంచీ చెడ్డా చూడడం కహు పని.

సరిగ్గా అప్పుడే మా ఊరి డాక్టరు రిపెకాతో, "నీకూ ఎముకలు పల్చబడడం మొదలైంది. వారానికో మాత్ర వేసుకుంటావా, కొన్నాళ్ళు చూద్దామా?" అన్నాడు. ఆదివారం కహు వస్తే అడిగింది. నేనూ అక్కడే ఉన్నాను.

"ఆ మాత్ర మొదలుపెడితే మా పరీక్షలోకి తీసుకోరు పెద్దమ్మా. ఏటేటా స్కాన్ ఉంటుందిగా. ఎముక మరీ పల్చబడితే మాకు వెంటనే తెలిసిపోతుంది. నిన్ను పక్కకు తప్పించి మందు ఇప్పిస్తాం. అది రూలు. అయినా చూసుకునేది నేనేగా!"

"నువ్వుండగా నాకేంటే" అంది రిపెకా. ఆ మాటతో డాక్టరు మాత్ర పక్కకు పోయింది.

ఆ తర్వాత కహు ఇంటింటికీ తిరిగి, "మా పెద్దమ్మే చేరింది, మీకేం భయం?" అంది. రిపెకా మాటంటే మా వాళ్ళకు గురి. ఫ్యాక్టరీలో మాతో పనిచేసిన ఆడవాళ్ళు చాలామంది చేరారు. నేను చేరలేదు. అందులో నా తెలివేం లేదు. ఇంటికొచ్చాక కూడా ఆ వాసనేనా అనిపించింది, అంతే.

మొదటి స్కాన్ బాగానే ఉంది. రెండోదానికి వెళ్ళొచ్చి, "కహు అంతా బాగుందంది" అని చెప్పింది. ఆ సంతోషంలో తోటంతా తవ్వి కుమారా అనే మా చిలగడదుంపలు వేసింది.

మరుసటి వేసవిలో ఓ రోజు వాళ్ళింట్లో వంట చేస్తున్నాం. ఉడికిన ఆల్చిప్పల గిన్నె పొయ్యి మీంచి దించబోయి రిపెకా చిన్నగా "అబ్బా" అంది. గిన్నె చేజారింది. వేడినీళ్ళు నేలంతా పారాయి. ఆమె బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "కదపకే, నన్ను కదపకు" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

వెన్నుపూస నలిగింది. ఆసుపత్రిలో కుర్ర డాక్టరమ్మ పాత స్కాన్లన్నీ తెరమీదకు తెచ్చి చూసింది. ఆవిడ ముఖం మారింది.

"పోయినేటి స్కాన్‌లోనే ఎముక బాగా పల్చబడిందని ఉంది. మందు మొదలుపెట్టాలని అప్పుడే మీకు చెప్పలేదా?"

"బాగుందన్నారమ్మా" అంది రిపెకా.

"ఎవరన్నారు?"

హేమీ టోపీ చేతుల్లో నలుపుతూ కిటికీ వైపు తిరిగాడు.

సాయంత్రం కహు పరుగున వచ్చింది. మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోబోతే, రిపెకా చెయ్యి దుప్పట్లోకి లాక్కుంది.

"చూశావా, లేదా? అది చెప్పు."

"పెద్దమ్మా, ముందు నువ్వు కాస్త..."

"నా స్కాన్ చూశావా, లేదా?"

"చూశాను."

"చూసి బాగుందన్నావు."

కహు ఏడ్చేసింది. "అప్పటికే చాలామంది మానేశారు పెద్దమ్మా. ఇంకొందరు తగ్గితే పరీక్షే ఆగిపోతుందని మా పైవాళ్ళన్నారు. వచ్చే స్కాన్ దాకా కొన్ని నెలలే కదా, ఏం కాదులే అనుకున్నా. నీకిలా అవుతుందని నేననుకోలేదు, ఒట్టు!"

"మా అమ్మ ఎలా పోయిందో నీకు తెలుసు. ఆ గదిలో నువ్వూ ఉన్నావు" అంది రిపెకా. అరవలేదు. "కంపెనీవాడు నాకెవడే? వాడి మాట మీద నేనో గింజ కూడా మింగేదాన్ని కాదు. నీ చేత్తో ఇస్తే మింగాను."

తర్వాత అడిగింది. "నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారా?"

కహు తల వంచుకుంది.

రిపెకా నడుముకు పట్టీతో ఇంటికొచ్చింది. నెల తిరక్కుండానే, పరీక్షలో చేరినవాళ్ళకు కృతజ్ఞత చెప్పుకోవడానికి కంపెనీవాళ్ళు మా మరాయిలో, అంటే మా వాళ్ళంతా కలుసుకునే సభా భవనంలో, విందు పెట్టారు. వెళ్తానని రిపెకా, వద్దని హేమీ.

"ఇంటి సంగతి నలుగురిలో పెడతావా? పిల్ల బతుకు ఏం కాను?"

"ఆ నలుగురూ చేరింది నా పేరు చెబితేనే, హేమీ. వాళ్ళ నడుములేం కాను?"

విందు రోజు అందరూ తినబోయే ముందు రిపెకా కర్ర ఊతంగా లేచింది. తనకు జరిగింది జరిగినట్టు చెప్పింది. కహు పేరు దాచలేదు, తిట్టనూ లేదు. "మీ స్కాన్లు మీరే అడిగి తీసుకోండి. మన డాక్టరుకు చూపించండి. బాగుందని ఎవరన్నా నమ్మకండి, నా మాటతో సహా" అంది. హాలు చివర గోడనానుకుని నిలబడ్డ కహు తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. కంపెనీ ఆయన ఏదో చెప్పబోతే పెద్దలు కూర్చోమన్నారు.

అడిగి చూసుకుంటే ఇంకో ముగ్గురి సంగతీ అంతే. వాళ్ళలో ఒకామె చాలాకాలం రిపెకాతో మాట్లాడలేదు. "నీ ముఖం చూసే చేరాను" అంది. విచారణ జరిగింది, పరీక్ష ఆపేశారు. కహు ఉద్యోగం పోయింది. కహు మీదివాళ్ళకు ఒక మందలింపు కాగితం, అంతే. రిపెకాకు పడింది అసలు పొడో ఉత్తి పిండో చెబుతామని ఎవరో ఫోన్ చేస్తే, "నాకక్కర్లేదు" అని పెట్టేసింది.

రిపెకా ఇప్పుడు నాకన్నా పొట్టిదైంది. మందు ఇంజెక్షన్లు తీసుకుంటోంది. వీపు వంగకుండా అవే కాస్త ఆపుతున్నాయంటుంది డాక్టరమ్మ.

కహు నెల్సన్‌లో ముసలివాళ్ళ ఆశ్రమంలో పనికి కుదిరింది. మొన్న చలికాలంలో వచ్చింది. మా పద్ధతిలో ముక్కూ ముక్కూ ఆనించుకుని పలకరించుకున్నారు. టీ, వేయించిన రొట్టె పెట్టింది రిపెకా. వాన గురించి, హేమీ మోకాలి గురించి మాట్లాడుకున్నారు. ఆ పిల్ల వెళ్ళాక నేను కప్పులు కడుగుతుంటే రిపెకా వచ్చి పక్కన నిలబడింది.

"క్షమించమంది. సరేనన్నాను" అంది.

"మంచిపని చేశావు."

"వచ్చే ఇంజెక్షన్‌కి తోడొస్తానంది." నా చేతిలో కప్పు అందుకుని తుడిచింది. "వద్దన్నాను. నువ్వు వస్తావా?"

వస్తానన్నాను.